కరనౌకా వృత్తాంతము

వైశాఖమాసమున సూర్యుడుదయించిన కొంత తడవునకే దిక్కులన్నియు కొలిమిలో కాగిన రాగిరేకుల చందమున కాంతిని వెదజల్లుచుండెను. రాత్రి యెల్ల ఘోషించి యలసిన పూర్వసముద్రము వృద్ధవైణికుని యంగుళులవలె తన తరంగములను తీరశిలలపై మందమందముగా కదల్చుచుండెను. భీమునిపట్టణపు దారిలో యుగయుగముల వానలు చెక్కిన యెఱ్ఱమట్టిదిబ్బలు ఆ కాంతి సోకి నిప్పుకణికలవలె వెలుగుచుండ జీడిమామిడితోపులమీదుగా వీచు గాలి మగ్గిన పండ్ల వాసనను ఉప్పుతేమతో కలిపి కొండమీదికి మోసికొనిపోవుచుండెను. ఆ కొండ నెత్తమున సున్నపుతెలుపుతో నిలిచియున్న వ్యోమయంత్ర పరిశోధనాలయపు కిటికీలన్నియు తూర్పునకు తెరచియుండినను లోపలివారిలో నొక్కరును సముద్రమును చూచుచుండలేదు. వారి చూపులు మధ్యమందిరమున అద్దమువలె నునుపు చేయబడిన నల్లరాతినేలపై సన్నని గాలిపొరమీద తేలుచు నిశ్శబ్దముగా జరుగుచున్న యొక విచిత్రవాహనమున లగ్నమైయుండెను.

ఆ వాహనము ప్రథమదర్శనమున మహాకర్కటమును తలపించుచుండెను. గుండ్రని లోహదేహమును, దాని యగ్రభాగమున భుజసంధితో మోచేతికీలుతో మణికట్టుతో మనుష్యబాహువుల ననుకరించు రెండు దీర్ఘహస్తములును, ఆ హస్తముల కొనలయందు బిరుసైన లోహపు వ్రేళ్ళును గల దానికి కరనౌక యని పేరు. దానిని మనసున మోసి గీతలలో కని లోహమున పెంచుచున్న గొర్తి ఇందుమతి విజయనగరమున వ్యాకరణపాండిత్యమునకు పేర్గాంచిన యింట జన్మించినది. ధాతువులును ప్రత్యయములును చెవులలో మ్రోగుచుండ గోడగడియారముల గర్భములను విప్పి మరల కూర్చుటయే క్రీడగా బాల్యమును గడపిన యా బాలికను చూచి తండ్రి "ఇది మన ఇంటి విద్య కాదమ్మా. కాని విద్యే" యని పలికి యంత్రశాస్త్రము నభ్యసింప ననుజ్ఞ యొసగెను. ఆ యనుజ్ఞను తలదాల్చి బయలుదేరిన యామె పురుషులు తప్ప నన్యులు మెలగని కర్మాగారములలో మెలగి, పరిహాసములను విననట్లు నటించి, సందేహములను పనితో సమాధానపఱచి, యౌవనము గడవకమునుపే ఆ పరిశోధనాలయమున యంత్రహస్తముల శాఖకు నాయిక యయ్యెను.

మనుష్యుడు చంద్రతలమున పాదము మోపి మరలివచ్చి కొన్ని యేండ్లు గడచిన దినములవి. అయినను ఆకాశమున మనుష్యుని చేయి యెట్లుండవలె నన్న చింత అంతకంటె పురాతనమైనది. శూన్యమున నిలువ నేల లేదు పీల్ప గాలి లేదు. అచ్చట నొక మర నూడదీయ బూనినవాడు మరను త్రిప్పుటకు మారుగా తానే తిరుగును. కావున పూర్వము పరదేశములందు కొందరు ప్రాజ్ఞులు సీసావంటి కవచమున నొక మనుష్యుని కూర్చుండబెట్టి ఆ కవచపు గోడలనుండి యంత్రబాహువులు వెడలునట్లు చిత్రించిరి. మరికొందరు ఎండ్రకాయవలె పటకారుకాళ్ళు చాచి యంతరిక్షనౌకలను పట్టి యీడ్చు వాహనములను కలగనిరి. వేరొకరు మనుష్యుని నేలపైననే యుంచి వాని యాజ్ఞలను మాత్రమే యాకాశమునకు పంపవలెననిరి. వానిలో ననేకములు కాగితములమీదనే పుట్టి కాగితములమీదనే ముదిసినవి. అట్టి చిత్రముల ప్రతులు ఇందుమతి గదిగోడలనిండ వ్రేలాడుచుండెడివి. వానినెల్ల పరిశీలించిన పిమ్మట, ప్రాణము గల మనుష్యుని సీసాలో పెట్టి చీకటిలోనికి పంపుటకు మనసొప్పక, ఆమె మూడవ మార్గమును స్వీకరించినది. కక్ష్యలో తిరుగుచు నేదో కీలు బిగిసియో రెక్క విచ్చుకొనకయో వ్యర్థమగు ఉపగ్రహమును తన నౌక సమీపించి చేయి చాచి స్వస్థపఱచి మరలవలె నన్నదే యామె సంకల్పము.

అదే యాలయమున కొచ్చెర్లకోట సదానందరావు సంధికీలుల రూపకర్తగా నుండెను. పొడగరి, మితభాషి, మాటాడునప్పుడు మాటలకంటె వ్రేళ్ళనే యెక్కువ కదల్చువాడు. ఇందుమతి ప్రజ్ఞను బహిరంగముగా మెచ్చుకొనుటయందు ఎంత యుదారుడో ఆమె రూపకల్పనలోని యొక లోపమును చెప్పుటయందును అంత మొండివాడు. కరనౌకకు కన్నులు గలవు గాని స్పర్శ లేదనునదే యాతని యాక్షేపము. నేలమీద కూర్చున్నవారు తెరపై చూచుచు మీటలు నొక్కుదురు. చేయి కదలును. అది దేనిని సోకినది ఎంత బలముతో సోకినది యను సంగతి మాత్రము నొక్కినవారి కెన్నటికిని తెలియదు.

నాటి ఉదయమున సదానందరావు తాటాకుదొన్నెలో లేతముంజలను తెచ్చి కరనౌక చేతికందునట్లు బల్లమీద నుంచెను. చుట్టునున్నవారు నవ్విరి. ఇందుమతియు నవ్వి "మా చెయ్యి బోల్టులు విప్పడానికండీ, ముంజలు తినడానికి కాదు" అనెను.

"బోల్టుకి నొప్పి తెలీదు కనక మనకింత ధైర్యం" అని సదానందరావు పలికెను. "ఒక్కసారి దీన్ని పట్టుకొమ్మనండి."

ఆమె మీటల యొద్దకు పోయి తెరపై చూపు నిలిపి యాజ్ఞల నొసగెను. లోహహస్తము గంభీరముగా చాచుకొని వ్రేళ్ళను విప్పి ముంజను మెల్లగా చుట్టుకొనెను. మెల్లగా ననుట చూచువారి భ్రమ మాత్రమే. మరుక్షణమున ముంజ చిట్లి దానిలోని నీరు నల్లరాతినేలపై చిందెను. ఆమె రెండవదానిని ప్రయత్నించెను. అదియు నట్లే యయ్యెను. మూడవదాని వంతు వచ్చునప్పటికి మందిరమున నవ్వు లుడిగెను.

అప్పుడు సదానందరావు తన పనిబల్లమీద తీగలతో కప్పీలతో చిన్న మోటారులతో తాను కూర్చుకొనిన యొంటిచేతిని చూపించి, దానికి జతపడిన తొడుగులోనికి ఆమె చేతినే చొనుపుమని కోరెను. ఆమె వ్రేళ్ళు కదలిన కొలది దూరమున నున్న లోహపు వ్రేళ్ళును కదలెను. అవి ముంజను సోకినంతనే తొడుగు లోపల నామె వ్రేళ్ళ కొనలపై నేదియో మృదువుగా ఎదురుతట్టెను. అది ముంజయొక్క మెత్తదనము. తాను ముట్టుకొనని వస్తువు తన చేతికి తెలియుచుండ నామె రోమాంచితయై వ్రేలిని మెల్లగా జరిపెను. లోహపు వ్రేలు ముంజను చిట్లనీయక తొక్క నొలిచెను. లేతదనపు తెలుపు బయటపడెను.

ఆమె చేతిని తొడుగునుండి తీయకయే "ఇన్నాళ్ళూ నేను గుడ్డిచేతిని చేస్తున్నానన్నమాట" అనెను.

"అలా అనకండి. మీ దగ్గర నౌక ఉంది, నా దగ్గర కీలు ఉంది. రెండూ కలిపితే చెయ్యవుతుంది."

"కలుపుదాం సదానందరావుగారూ" అని యామె పలికెను. ఆ మాట యందరును వినిరి.

ఆ తరువాత వచ్చిన వర్షర్తువు ఇందుమతి జీవితమున మరి యెన్నడును రాని ఋతువు. వెలుపల శ్రావణమేఘములు సముద్రమును మింగి కొండను మింగి కిటికీలవరకు వచ్చి నిలుచుచుండ లోపల వారిరువురును నొకే బల్లకు చెరియొకవైపున కూర్చుండి కరనౌక భుజమున స్పర్శకీలును ఇముడ్చు మార్గమును వెదకుచుండిరి. ఒకరు గీసినదానిని మరియొకరు చెరపుదురు. చెరపినదానిని మొదటివారు మరల గీయుదురు. వాదము ముదిరినప్పుడు సదానందరావు తన తల్లి పంపిన గిన్నె తెరచి మాగాయ కలిపిన అన్నమును విస్తరిలో సగము చేసి ముందునకు జరుపును. వాద మంతటితో సమాప్తి నొందును. వాన వెలసిన సాయంకాలములందు కొండదిగువ బస్సు నిలుచు చోటివరకు కలిసి నడచెదరు. ఒకరినొకరు గారు అని పిలుచుట మానలేదు. మానవలె నని యిరువురకును అనిపించిన దినములు లేకపోలేదు. చెప్పవలసిన మాటలను పని ముగిసిన పిదప చెప్పుకొనవచ్చునని యిరువురును తలంచిరి. పని ముగియుట యనునది మనుష్యులు తమ హృదయములకు పెట్టుకొను గడువులలో మిక్కిలి మోసకారియైనది.

ఆశ్వయుజమున వానలు వెనుకబట్టి యాకాశము కడిగిన యద్దమువలె నైనప్పుడు, దేశరాజధానినుండి విద్వత్సంఘమువారు వచ్చి కరనౌకను పరీక్షించి దాని భవితవ్యమును తేల్చెదరను వార్త వచ్చెను. పరిశోధనాలయాధ్యక్షుడు మంధా భుజంగరావు ఇందుమతిని పిలిపించెను. నెరసిన మీసములతో నిదానమైన మాటలతో నుండు ఆతడు దుష్టుడు కాడు. తన యాలయమున పుట్టిన పనులు మధ్యలో చచ్చుటను పలుమారులు చూచి పుట్టిన ప్రతిదానిని ఎట్లైన బ్రదికింపవలెనను నాతురత గలవాడు.

"అమ్మా ఇందుమతీ, రాకెట్టు మోసే బరువు నీకు తెలిసిందే" అని యాతడు మొదలిడెను. "స్పర్శకీలు పెడితే ఒక్క చెయ్యే పడుతుంది. అది లేకపోతే రెండు చేతులు. వచ్చేవాళ్ళు రెండు చేతులూ చూద్దామని వస్తున్నారు. పైగా ఇప్పుడు కొత్త కీలంటే మళ్ళీ పరీక్షలన్నీ మొదటికొస్తాయి. వాళ్ళు వాయిదా వెయ్యమంటారు. మన దేశంలో వాయిదా అంటే వద్దనడానికి మర్యాదమాట."

"కీలు లేకపోతే అది గుడ్డిచెయ్యండీ."

"ముందు ఎగరనీ. గుడ్డిదైనా ఎగిరిందనిపించుకుంటే రెండోదానికి కళ్ళు పెట్టుకోవచ్చు. అసలు ఎగరనిదానికి ఎన్ని కళ్ళుంటే ఏం లాభం?"

ఆ మాటలలో నసత్యము లేదు. అదియే వాని బలము. తాను బాల్యమునుండి మోసికొనివచ్చిన స్వప్నము ద్వారమువరకు వచ్చి వెనుదిరుగునేమో యను భయ మిందుమతిని పట్టుకొనెను. తుదకు సరే యనెను.

"సదానందరావుకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"నేనే చెబుతానండీ."

చెప్పవలె ననియే యామె యాతని గదికి పోయినది. తలుపు తెరచియుండెను. సదానందరావు మణికట్టుకీలు నొకదానిని వెలుతురునకెత్తి ఆకురాయితో దాని యంచును మెరుగుపెట్టుచు తనలో తానేదో కూనిరాగము తీయుచుండెను. ఆమెను చూచి ముఖ మెల్ల వికసింప "తూకం తగ్గించే మార్గం దొరికిందండీ, ఇంకా కొంచెం ఉంది, రేపు చూపిస్తాను" అనెను. ఆ రేపటిలోపల నది ముగియదని యామెకు తెలియును. ఆ కీలిక నౌకలో నుండదని చెప్పుటకే వచ్చితినన్న సంగతియు తెలియును. అయినను "చూద్దాం లెండి" యని మాత్రము పలికి వెనుదిరిగెను. సభ ముగిసిన తరువాత నెమ్మదిగా చెప్పిన యెడల నాతడర్థము చేసికొనునని తన్ను తాను నమ్మించుకొనెను. చెప్పుటకు వెనుదీసిన ప్రతి సత్యమునకును మనము మరునాటి యుదయము నొక్కదానిని చూపించి వాయిదా వేయుదుము.

సభామందిరమున విద్వత్సంఘమువారు ఆసీనులైరి. వెనుకవరుసలో సదానందరావు తన కీలును పట్టుబట్టలో చుట్టి యొడిలో నుంచుకొని కూర్చుండెను. ఇందుమతి లేచి కరనౌకా విశేషములను వివరింప నారంభించెను. ఆమె స్వరము స్ఫుటముగా నుండెను. తెరపై నొకటి వెంట నొకటిగా చిత్రములు తోచెను. కవచము తోచెను. కన్నులు తోచెను. రెండు చేతులు తోచెను. సదానందరావు ఆ రెండవ చేతిని చూచెను. ఒక్క క్షణము తాను పొరబడితి ననుకొనినట్లు కనులు చిట్లించి ముందునకు వంగెను. పిదప మెల్లగా వెనుకకు వ్రాలి యొడిలోని మూటపై నరచేతి నుంచుకొనెను. ఆమె యంతయు చూచెను. చూచియు మాట తడబడనీయక ముగించెను.

సంఘములో నొక పెద్దమనిషి "స్పర్శ గురించి ఇక్కడ ఎవరో పనిచేస్తున్నారని విన్నాం. ఈ నిర్ణయం మీద ఎవరికైనా భిన్నాభిప్రాయం ఉందా?" యని ప్రశ్నించెను. భుజంగరావు నేలవైపు చూచెను. సదానందరావు లేచి నిలుచుండి "లేదండి" యని పలికి కూర్చుండెను. ఆ యొక్క మాటతో కరనౌక కనుమతి లభించెను.

అందరును వెడలిన పిమ్మట ఇందుమతి వరండాలో నాతని కలిసికొనెను. సముద్రమువైపు తిరిగి నిలుచున్న యాతడు ఆమె యడుగుల సవ్వడి విని తానే ముందుగా పలికెను.

"భుజంగరావుగారి లెక్క తప్పు కాదండీ. నేనైనా అదే చేసేవాణ్ణేమో. మీరు నన్ను అడిగివుంటే, ఈసారికి నా కీలు వద్దు, రెండు చేతులతోనే పోనిమ్మని నేనే అనేవాణ్ణి."

ఆమె తలయెత్తలేదు.

"అడగలేదు" అని యాతడు పలికెను. ఆ మాటలో కోపము లేదు. చెరువున పడిన రాయి యడుగునకు చేరినప్పటి నిశ్చలత మాత్రమే యుండెను. మూటను చంక నిడుకొని మెట్లు దిగిపోయెను. కార్తికమాసము కడచకమునుపే యాతడు ఉద్యోగమును విడిచి విశాఖపట్టణమున నొక ధర్మవైద్యశాల కనుబంధముగా నున్న కృత్రిమావయవముల పనిశాలలో చేరెనని తెలిసెను. ఇందుమతి వెంటనే పోయి కలిసికొనవలె ననుకొనెను. నౌక యెగిరిన పిమ్మట తలయెత్తుకొని పోయెద ననుకొనెను.

కరనౌక యెగురలేదు. ప్రయాణమునకు పూర్వము విద్వత్సంఘమువారి సమక్షమున తుదిపరీక్ష జరిగెను. నల్లరాతినేలపై రోగగ్రస్తమైన ఉపగ్రహమునకు మారుగా నొక పీపావంటి బొమ్మను గాలిపొరపై తేల్చి దానిని మెల్లగా తిరుగునట్లు చేసిరి. కరనౌక దానిని సమీపించి పట్టి తిరుగుట మాన్పవలెను. ఇందుమతి స్వయముగా మీటల యొద్ద కూర్చుండెను. తెరపై నంతయు సవ్యముగానే కనబడుచుండెను. లోహహస్తములు రెండును రాజసముగా చాచుకొనెను. వ్రేళ్ళు బొమ్మను సోకినవి. తెరపై దృశ్యము మారుటకును ఆమె వ్రేలు వెనుకకు పోవుటకును మధ్యనున్న యల్పవ్యవధిలో చేయి సోకుట మాని త్రోయుట మొదలిడినది. ఖంగున ధ్వని మందిర మెల్ల నిండెను. బొమ్మ వెనుకకు దూసికొనిపోయి గోడను తాకెను. కరనౌక తానే వేసిన దెబ్బకు తానే వ్యతిరేకదిశకు జారి కుడిచేతి మణికట్టు వంగిపోయి నేలయంచున నిలిచెను.

"ఏమైందమ్మా?" యని సంఘపు పెద్ద అడిగెను.

"గట్టిగా ముట్టుకుందండీ" అని యామె పలికెను. "దానికి తెలీదు."

సంఘమువారు కరనౌక పనిని వాయిదా వేసిరి. వాయిదా యనగానేమో ఇందుమతి కదివరకే తెలిసియుండెను. నౌకను వెనుకనున్న పాకలోనికి తరలించి టార్పాలిను గుడ్డ కప్పిరి. ఉప్పుగాలి మెల్లమెల్లగా దాని కీలులలోనికి చొరబడెను.

ఏండ్లు గడచెను. ఇందుమతి పాపటయొద్ద వెండితీగలు పొడసూపెను. ఆమె రూపొందించిన వేరు యంత్రములు కొన్ని సఫలములయ్యెను. పేరు వచ్చెను. వివాహమునుగూర్చి తండ్రి యడుగుట మానెను. అప్పు డొకనాడు మబ్బులను కనిపెట్టుటకై యెగిరిన పర్జన్య మను ఉపగ్రహము కక్ష్యను చేరియు తన రెండు రెక్కలలో నొకదానిని విప్పలేక పోయెను. ఎండను గ్రహించి దానికి జీవము పోయవలసిన రెక్క యది. పరిశోధనాలయమువారందరును తెర ముందు గుమిగూడి యాజ్ఞలమీద యాజ్ఞలను పంపిరి. దానిని కుదిపిరి. ఎండవైపు త్రిప్పి వేడిచేసిరి. నీడవైపు త్రిప్పి చల్లార్చిరి. రెక్క కదలలేదు. అనేకుల యౌవనమును తిని పెరిగిన యా ఉపగ్రహము దినదినమును క్షీణించి తుదకు పలుకుట మానెను.

పదవీవిరమణకు సిద్ధముగా నున్న భుజంగరావు కుర్చీలో వెనుకకు వ్రాలి "ఒక్క వేలు అమ్మా" అనెను. "పైన ఒక్క వేలుండి అలా మీటితే విడిపోయేది గదా." పిమ్మట ఇందుమతి ముఖమును చూచి తానాడినదాని భారమెరిగి స్వరము తగ్గించి "సదానందరావు వస్తాడేమో కనుక్కో. ఈ దెబ్బతో సంఘంవాళ్ళు మళ్ళీ చేతుల మాట ఎత్తుతారు. నేనున్నప్పుడే మొదలుపెడదాం" అని పలికెను.

ఆమె మరునాడే విశాఖపట్టణమునకు పోయెను. వైద్యశాల వెనుకభాగమున పెంకుటింటిలో తోలువాసనతో నూనెవాసనతో ఆకురాళ్ళ సవ్వడితో నిండియున్న పనిశాల నడుమ సదానందరావు కూర్చుండి యొక స్త్రీ మోచేతికి లోహహస్తమును తొడుగుచుండెను. కనులకు అద్దములు వచ్చెను. జుట్టు పలుచబడెను. వ్రేళ్ళు మాత్రము పూర్వమువలెనే మాటాడుచుండెను. ఆమెను చూచి యాతడాశ్చర్యపడలేదు. నిన్ననే విడిపోయినవానివలె "రండి ఇందుమతిగారూ, కూర్చోండి. ఈ పట్టీ ఒక్కటీ బిగించేస్తాను" అనెను. లోపలినుండి ఒక యిల్లాలు వచ్చి "ఏమండీ, వీరికి కాఫీనా, మజ్జిగా?" యని యడుగగా ఇందుమతి ఆమె మెడలోని మంగళసూత్రమును చూచి మజ్జిగ చాలుననెను.

చేయి తొడిగించుకొనుచున్న స్త్రీ పేరు పైడమ్మ. అనకాపల్లి వైపు పల్లెలో చెరకుగానుగకు గడలందించుచు కుడిచేతిని పోగొట్టుకొన్నది. సదానందరావు ఆమె భుజమునుండి సన్నని తీగ నొకదానిని లోహపు వ్రేళ్ళకు కట్టుచుండెను. దానికి విద్యుత్తు లేదు. భుజము కదలిన కొలది వ్రేళ్ళు మూసికొనును. అవి దేనినైన సోకిన వెంటనే ఆ బిగువు తీగవెంట వెనుకకు ప్రయాణించి భుజమునకు తెలియును.

ఇందుమతి పర్జన్యము సంగతి చెప్పెను. సదానందరావు తలవంచి వినుచు "ఏ కీలు దగ్గర పట్టేసింది?" యని ప్రశ్నించెను. ఆమె చెప్పెను. అప్పుడాతని కుడిచేతి చూపుడువ్రేలు తానెరుగకయే గాలిలో లేచి కానరాని కొక్కెమును వెదకి సోకి నెమ్మదిగా పైకి మీటెను. మీటి యాగెను. ఆ వ్రేలు గాలిలో నున్నంతసేపు ఇరువురును దానినే చూచుచుండిరి.

"రండి సదానందరావుగారూ" అని యామె పలికెను. "ఈసారి అడగడానికే వచ్చాను."

ఆతడు కనుల యద్దములను తీసి తుడిచికొనెను. "రాలేనండీ."

"కోపమా?"

"కోపమే ఉంటే వచ్చేవాణ్ణి. వస్తే అది తీరిపోయేది." ఆతడు పైడమ్మవైపు చూచెను. "ఇక్కడికి రోజూ ఎవరో ఒకరు చెయ్యి లేకుండా వస్తారు. నేను కొండ మీదికొచ్చి కూర్చుంటే వాళ్ళకెవరు చెబుతారు, కొన్నేళ్ళాగి రమ్మని? కీలు ఎలా చెయ్యాలో మీకు చూపిస్తాను. ఎప్పుడొచ్చినా చూపిస్తాను. అది నాది అని ఎప్పుడూ అనుకోలేదు."

చూపించినను ఆతడు తప్ప దానిని చేయగలవారు లేరని యిరువురకును తెలియును. సంఘమువారు తరువాత చేతుల మాట నెత్తలేదు. ఒకటి చెడినచో మరియొకటి నెగురవేయుట సులభమని తీర్మానించిరి. భుజంగరావు పదవి విడిచిన పిమ్మట కరనౌకను విప్పి పనికివచ్చు లోహమును వేరుపఱచిరి. ఆ సంగతులన్నియు మున్ముందు జరుగవలసినవి. నాటి యపరాహ్ణమున వానిని ఎరుగకయే ఇందుమతి హృదయము సర్వము నెరిగినట్లు బరువెక్కెను. బలవంతము చేయవలె నన్న మాట నోటివరకు వచ్చెను. అడుగుట యనగా కాదనుటకు నెదుటివారికి చోటిచ్చుట యని తెలిసి మిన్నకుండెను.

ఇంతలో పైడమ్మ తన క్రొత్తచేతిని ముందునకును వెనుకకును త్రిప్పి చూచుకొనుచు "బాబూ, దీనికి గాజులేసుకోవచ్చునేటి?" యని యడిగెను.

"వేసుకోవచ్చు పైడమ్మా. కాకపోతే చప్పుడెక్కువవుద్ది."

"అవనీండి బాబూ. గాజుల సప్పుడు ఇని శానాళ్ళాయె" యని యామె నవ్వెను. ఇందుమతివైపు తిరిగి "అమ్మగారూ, మీరూ ఈ బాబుతోనే పన్జేసేవోరటగదా. బాబు సెప్పేరు. ఆకాసంలోకి సేతులు పంపేవోరంట. ఎల్లేయా అమ్మా?" యనెను.

ఇందుమతి లేదన్నట్లు తల యూపెను.

"పోన్లెండి. ఇక్కడికొచ్చేయి" యని పలికి పైడమ్మ లేచి నిలుచుండెను. వెడలుటకు ముందు పెద్దలకు దండము పెట్టుట యలవాటు గలది కాబోలు, ఎడమచేతిని లేపెను. భుజము కదల్చి లోహహస్తమును లేపెను. కండ గల యరచేయియు లోహపు టరచేయియు ఛాతి ముందు మెల్లగా చేరువయ్యెను. ఇందుమతి తనకు తెలియకయే కనులు మూసికొని నాటి ఖంగుమను ధ్వనికై యెదురుచూచెను. ధ్వని కలుగలేదు. కనులు తెరచునప్పటికి ఆ రెండు చేతులును సోకి, సోకిన చోటనే నిలిచి, ఒకదానినొకటి యెరిగినట్లు నిశ్శబ్దముగా కలిసియుండెను.

ఆమె ప్రతినమస్కారమునకై తన చేతులను లేపెను. అవి కలియుటకు చాల తడవు పట్టెను.